గుండీ వెనక తప్పక్షరం

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి లేచిపోయే మనిషిని నేను. యాభై ఏళ్లు కుట్టుమిషను తొక్కాను. చచ్చిపోయినవాళ్ల అంగీలు విప్పి, కొడుకుల కొలతకు మళ్లీ కుట్టిచ్చాను. ఏ పీడా నన్ను పట్టలేదు. అందుకే ఇది రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది.

మా ఊరు తొగుట దగ్గర. ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. నా భార్య మల్లవ్వ సమాధి కూడా అందులోనే పోయింది. ఊరు ఖాళీ చేసేటప్పుడు కొందరు తమవాళ్ల ఎముకలు తవ్వి తెచ్చుకున్నారు. నేను కొత్త కాలనీలో ఇంటి పని చూసుకుంటూ రేపు, మాపు అన్నాను. నీళ్లు వచ్చేశాయి. తప్పు ఇంకొకరి మీదికి తోయను, నాదే.

మొన్న ఎండాకాలం నీళ్లు వెనక్కి జరిగి ఊరి అంచు తేలింది. సిద్దిపేటలో పాత ఇత్తడి సామాను కొనే గౌస్ మెటల్ డిటెక్టర్ తెచ్చుకుని వచ్చాడు. దొరికిన గుండీలు ఏ కాలానివో చెప్పమని నన్ను పిలిచాడు. ఆ డిటెక్టర్‌ను శ్మశానం దిక్కు కూడా తిప్పితేనే వస్తానన్నాను. ఆ మిషను సమాధిని చూపదని నాకు తెలుసు. కానీ చోటు గుర్తుపడితే, మళ్లీ మునిగేలోపు మల్లవ్వ మీది మట్టి గుప్పెడైనా తెచ్చుకుందామని ఆశ.

పట్టపగలే పోయాం. గౌస్‌కు ప్రతి గుండీ నిజాం కాలందే. నేను తిప్పి, వెనక దారం దూర్చే కొండీ ఎట్లా అతికించారో చూసి చెప్పేవాణ్ణి.

"గిది నిజాం ఫౌజుది గదా కాకా?"

"ఫౌజు లేదు, గీజు లేదు. పెండ్లిల బ్యాండు కొట్టెటోని కోటుది."

శ్మశానం ఉందనుకున్న చోట మిషను కూసింది. జానెడు లోతులో ఇంకో ఇత్తడి గుండీ. మట్టి తుడిచి తిప్పాను. కొండీ పక్కన సూదితో గీకిన అక్షరం ఉంది: య.

అది నా చేతిరాత.

నలభై ఐదేళ్ల వయసులో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. మ, య నా కంటికి ఒక్కటే. కూలికి పోయేటప్పుడు చీర మీద తొడుక్కోవడానికి మల్లవ్వకు అంగీ కుట్టి, మెడ దగ్గర పాత కోటు గుండీ పెట్టి, వెనక ఆమె పేరులో మొదటి అక్షరం గీకాను. ఆమెకు నాకంటే ముందే చదువు వచ్చు. చూసి నవ్వనైనా నవ్వలేదు.

"నేను యెల్లవ్వనా? పెండ్లాం పేరన్న సక్కగ రాదా నీకు?" అంది.

ఆ తర్వాత ఏ గుండీ మీదా సూది పెట్టలేదు.

ఆమె పోయినప్పుడు ఆ అంగీని ఆమెతోనే మట్టిలో పెట్టాం. మాలో శవంతో లోహం పోనివ్వరు. మెట్టెలు తీసినట్టే ఆ గుండీని కూడా నా కత్తెరతో నేనే తెంపాను. అప్పటి నుంచి అది నా కుట్టుమిషను సొరుగులోనే ఉంది.

గౌస్ బండి మీద కాలనీకి వచ్చి సొరుగు లాగాను. ఉంది. పక్కపక్కన పెడితే అదే అక్షరం, అదే వంకర. గౌస్ రెండోసారి ముట్టుకోలేదు. "నాకొద్దు కాకా, నువ్వే ఉంచుకో" అని బండెక్కాడు.

రెండు చేసి మరిచిపోయి ఉంటావని నా బిడ్డ అంటుంది.

"మీ అవ్వ తిట్టింది మరిస్తె గదా బిడ్డా, రెండోది గీకెటందుకు" అన్నాను.

మర్నాడు పోయి, ఆ గుంటలోంచి మట్టి మూటగట్టి తెచ్చాను. గుండీ లేకుండా పెట్టిన మనిషి గుండీ దొరికిన చోటే ఉందని ఎట్లా నమ్మను? నమ్మకపోతే నాకు వేరే చోటు ఏది? వానలు పడ్డాయి, నీళ్లు మళ్లీ కప్పేశాయి. ఇది ఎట్లా జరిగిందో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. మూట గూట్లో ఉంది. మొక్కుదామంటే చేతులు రావు, పారబోద్దామన్నా రావు.