బావ తీయబోయిన టికెట్

మా వైపు బస్సులో చుట్టం కనబడితే, ముందు చూసినవాడు రెండోవాడికి టికెట్ తీస్తాడు. పలకరింపు ఆ తర్వాతే. కండక్టర్‌కి నోటు చాచి, గడ్డంతో వెనక్కి చూపించి, "అదుగో, ఆ తెల్లసొక్కా మా బావే. ఆడికి కూడా కొట్టు" అంటాడు. తెల్లచొక్కా ఆయన లేచి, "ఏల బావా, నాకాడ సిల్లరున్నాది" అని కాసేపు గింజుకుంటాడు. అలా గింజుకోవడం కూడా మర్యాదలో భాగమే. ఏడాది మీద లెక్క వేస్తే ఇద్దరికీ లాభమూ ఉండదు, నష్టమూ ఉండదు. నేను వేసి చూశాను.

మాటలు లేని చుట్టాల దగ్గర ఆ టికెట్ చేసే పని ఇంకా పెద్దది. మా నాన్నకీ, ఆయన మేనమామకీ కాలవనీళ్ల దగ్గర తగువొచ్చి చాలాకాలం మాటల్లేవు. చిన్నప్పుడు ఒకసారి నాన్నతో నెల్లిమర్ల నుంచి బస్సులో వస్తున్నాను. కండక్టర్ వచ్చి నాన్న చేతిలో టికెట్లు పెట్టి, "ముందు కూకున్న ముసలాయన తీసినాడు" అన్నాడు. నాన్న వాటిని కాసేపు చూసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దిగేటప్పుడు ముందు సీటు దగ్గర ఆగి, "వస్తాను మావా" అన్నాడు. ఆ పంటకి ఇద్దరూ వంతులేసుకుని మడులు తడుపుకున్నారు.

మా వైపు ఎవడూ తప్పయిందని నోటితో ఒప్పుకోడు. టికెట్ తీస్తాడు. అవతలివాడు పుచ్చుకుంటే తగువు తీరినట్టే. వద్దన్నాడా, ఇక వాడి గుమ్మం తొక్కేది లేదు.

నేను రాజాంలో ఒక ధాన్యం వర్తకుడి దగ్గర లెక్కలు చూస్తాను. ఏడో తరగతితో బడి ఆగింది. తూకాలూ, తేమకి తీసే తరుగులూ, వడ్డీలూ అన్నీ కాటా పక్కన నిలబడి నేర్చుకున్నవే. ఇల్లు విజయనగరం శివార్లలో. పొద్దున్న వెళ్లి, సాయంత్రం చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల మీదుగా వెనక్కి వస్తాను. ఎప్పుడూ ఎక్కే ప్రైవేటు బస్సులో కార్డు యంత్రం పెట్టారు. ముందు మెట్టు పక్కన ఇనప కడ్డీకి బిగించిన చిన్న పెట్టె అది. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి కార్డు ఆనిస్తే, స్టేజీల లెక్కన ఛార్జీ దానంతటదే కోసుకుంటుంది. కార్డు లేనివాళ్లకి కండక్టర్ మామూలుగానే టికెట్ కొడతాడు.

యంత్రం పెట్టిన కొత్తలో బస్సంతా నవ్వులే. గరివిడిలో చేపల గంపతో ఎక్కే ముసలమ్మ ఒకర్తి అరచెయ్యి దానికి ఆనించి, "ఏటిరా కండక్టరూ, నీ పెట్టి పలకదేటి? నా సెయ్యి కంపు కొడతందేటి?" అనేది.

"సెయ్యి కాదే అప్పా, కార్డు పెట్టాల."

"కార్డుంటే నీతో నాకేటి పని? నిన్ను తిట్టకుండా నాకు బస్సెక్కినట్టే ఉండదు."

నాకు మాత్రం అది నా కోసమే చేసినట్టనిపించింది. ఛార్జీలో రూపాయి తేడా రాదు. చిల్లర లేదని టికెట్ వెనక అంకె వేసి ఇవ్వడం, దిగేటప్పుడు అది అడగడానికి మొహమాటపడడం, అన్నీ పోయాయి. మొదటి వారంలోనే కార్డు తీసుకున్నాను.

మా బావ, అంటే పోయిన మా అక్క భర్త, నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. అక్క పోయిన రెండో ఏట కూతురి పెళ్లి చేశాడు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావడం మేనమామ పని. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ ఆ గంప నాదే అనుకుంటూ ఉన్నాను. బావ ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. శుభలేఖ ఫోటో ఫోన్‌లోకి వచ్చింది, అంతే. వస్తాడేమోనని పెళ్లి ముందురోజు దాకా చూశాను. రాలేదు. నేనూ వెళ్లలేదు. గంప ఎవరో మోశారు. తల్లి లేని పిల్ల పెళ్లికి మేనమామ రాలేదని బావ నలుగురిలో అన్నాడట. పిలవని పెళ్లికి ఏ ముఖంతో వెళ్లాలని నేనూ నలుగురిలో అన్నాను. నాలుగేళ్లు మాటల్లేకుండానే గడిచిపోయాయి. పిల్లని ఇచ్చింది చీపురుపల్లిలోనే. నా బస్సు రోజూ ఆ ఊరి మీదుగానే పోతుంది.

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం చీపురుపల్లిలో బావ ఎక్కాడు. మొదట పోల్చుకోలేదు. మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. చొక్కా భుజాలు కిందికి జారి వేలాడుతున్నాయి. నేను వెనక వరసలో ఉన్నాను. ఆయన ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. కండక్టర్ దగ్గరికి రాగానే వంద నోటు ఇచ్చి ఏదో అన్నాడు. కండక్టర్ నా వైపు చూసి, తల అడ్డంగా ఊపి ఏదో చెప్పాడు. ఇంజను హోరులో నాకేమీ వినబడలేదు. బావ మరోసారి వెనక్కి చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగిపోయాడు. నెల్లిమర్లలో ముందు తలుపు నుంచే దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న బస్సెక్కగానే కండక్టరే ఎత్తుకున్నాడు.

"నిన్న ముందు కూకున్న ఆయన మీకేటవుతాడు బాబూ?"

"మా బావ."

"అదీ సంగతి. మీకూ ఓ టికెట్ కొట్టమన్నాడు. ఆయన కార్డు కొట్టీసినారండీ, మీ టికెట్ అక్కర్నేదు అన్నాను."

"దానికేటన్నాడు?"

"అక్కర్నేదన్నాడా, అన్నాడు. అవునండీ అన్నాను." కండక్టర్ నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "తప్పు సెప్పినానేటి బాబూ?"

తప్పేమీ చెప్పలేదు. యంత్రం లెక్క ప్రకారం ప్రతి మాటా నిజమే. నేను రాజాంలో కార్డు ఆనించాను, బావ చీపురుపల్లిలో ఎక్కాడు. ఎవరు ముందో, ఎవరు తర్వాతో ఎవరైనా చెప్పగలరు. కానీ కార్డంటే ఏమిటో బావకి తెలియదు. నాలుగేళ్లకి ఆయన తీసిన టికెట్‌ని నేను అక్కర్లేదన్నానన్న ముక్కొక్కటే ఆయన ఇంటికి పట్టుకెళ్లాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆవిడకి చెప్పాను.

"అయితే రేపు నెల్లిమర్లలో దిగు. ఎల్లి సెప్పు" అంది.

"ఏటని సెప్పమంటావు? కార్డు కథ సెప్పడానికొచ్చానంటే నవ్వడా?"

"నవ్వనీ. నవ్వితే మాట కలిసినట్టే కదా."

నేను వెళ్లలేదు. నాకు వేరే ఉపాయం తోచింది. బావ మళ్లీ ఆ బస్సు ఎక్కుతాడు, కూతురింటికి రాకుండా ఉండడు. ఆయన ఎక్కేసరికి నా చేతిలో టికెట్ ఉండకూడదు. అలాగని టికెట్ లేకుండా కూర్చుంటే తనిఖీ వాళ్లు కండక్టర్ ఉద్యోగం తీసేస్తారు. అందుకని కార్డు ఇంట్లో పెట్టేసి, రాజాంలో చీపురుపల్లి వరకే టికెట్ తీసుకోవడం మొదలుపెట్టాను. అక్కడితో ఆ టికెట్ అయిపోతుంది. విజయనగరానికి అక్కడ మళ్లీ తీయాలి. రెండు ముక్కలుగా తీస్తే రోజుకి కొంత ఎక్కువే పడుతుంది. పడనీ అనుకున్నాను. చీపురుపల్లి స్టాండులో బస్సు ఆగిన కాసేపూ నేను ఎవరైనా టికెట్ తీయదగిన మనిషిని.

కండక్టర్‌కి సంగతి చెప్తే విచిత్రంగా చూశాడు గానీ ఒప్పుకున్నాడు. ఆ స్టాండులో ఎక్కినవాళ్లందరికీ కొట్టాక, చివర్లో నా దగ్గరికి వచ్చేవాడు.

"రానేదు బాబూ."

"రాలేదు. కొట్టు."

ఇలా సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. ఆ ఇంటికి నేరుగా వెళ్లి తలుపు తట్టడం కంటే ఇదే సరైన పద్ధతని నమ్మాను. మేం చూసిన పద్ధతి అదే.

బావ బస్సెక్కకపోవడానికి కారణం రాజాంలో నాకు తెలిసింది. ధాన్యం తోలుకొచ్చిన నెల్లిమర్ల రైతు ఒకాయన కాటా దగ్గర నిలబడి అన్నాడు.

"మీ బావని ఇశాపట్నం తీస్కెల్లిపోనారు. గొంతులో పుండు. ఎల్లి సూసినావా?"

కాటా మీద బస్తా అలాగే వదిలేసి బయల్దేరాను.

విశాఖపట్నం ఆసుపత్రి వరండాలో నా మేనకోడలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చేతికి వైరు బుట్ట తగిలించుకుని, ఒళ్లో కాగితాల కవరు పెట్టుకుంది. పెళ్లయ్యాక ఆ పిల్లని చూడడం అదే మొదటిసారి. నన్ను చూసి లేవలేదు.

"ఇప్పుడొచ్చినావా మావా?"

"నాకు తెలీదమ్మా. ఇయ్యాలే తెలిసింది."

"బస్సులో మా నాన్న టికెట్ తీస్తే వద్దన్నావంట కదా."

"వద్దనలేదే. కార్డు ముందే కొట్టీసినాను. మీ నాన్న ఎక్కక ముందే. అది..."

"ఆ నెక్కలు నాకు సెప్పకు మావా. ఆరోజు ఇంటికెల్లి అన్నం తిన్నేదంట. గొంతు నొప్పనుకున్నాను." కవరు పక్కన పెట్టి తలుపు చూపించింది. "ఎల్లు. ఒక్కరినే పంపుతారు. మాటాడలేడు. నువ్వే మాటాడు."

లోపల బావ గొంతులో గొట్టం ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు. అది నాకు తెలిసింది, ఎందుకంటే మంచం మీద చెయ్యి కొద్దిగా జరిగింది. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"బావా, ఆ రోజు నేను వద్దనలేదు" అన్నాను. "నువ్వు ఎక్కకముందే రాజాంలోనే పెట్టీసినాను. పెట్టీసినాక ఇంకో టికెట్ కొట్టడానికి ఉండదు. దీన్తోనే."

ఆ పొద్దున్న పనికి బయల్దేరే తొందరలో, ఇంట్లో పెట్టేసిన కార్డు పొరపాటున మళ్లీ జేబులో వేసుకుని వచ్చాను. తీసి ఆయన కళ్ల ముందు పట్టాను.

బావ కార్డు వంక చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని, చూపుడువేలు ఎత్తి, తలుపు వైపు చూపించాడు. బయట కూతురున్న వైపు. నేను అర్థం కాక నిలబడ్డాను. మళ్లీ చూపించాడు. కార్డునీ, తలుపునీ.

పక్క మంచం దగ్గర మందు ఎక్కిస్తున్న నర్సు చెప్పింది. "కార్డులన్నీ బయట అమ్మాయి దగ్గరే ఉంటాయండి. ఆమెకి ఇచ్చేయమంటున్నారు."

వైద్యం కార్డు అనుకున్నాడు. ఆ ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచీ ఎవరొచ్చినా ఏదో ఒక కార్డు అడగడమో, చూపించడమో చేస్తున్నారు. నేనూ అలాంటిదే ఏదో తెచ్చానని, తన కూతురికి పనికొస్తుందని అనుకున్నాడు. కాదని చెప్పబోయాను. ఆయన అప్పటికే కళ్లు మూసుకున్నాడు. ముఖం కొంచెం తేలికపడినట్టే కనబడింది. నర్సు టైమైపోయిందంది.

బయటికొస్తే మేనకోడలు నా చేతిలోని కార్డు చూసి, "ఏటది?" అంది.

"బస్సు కార్డు" అన్నాను.

తలెత్తి నన్ను చూసి, మళ్లీ కాగితాల కవరులోకి తల దించుకుంది.

బావ ఆ వారం దాటలేదు. పెద్దకర్మ రోజున నెల్లిమర్ల ఇంట్లో అందరితో పాటు నాకూ విస్తరి వేశారు. మేనకోడలు నేను కూర్చున్న వరసకి వడ్డించలేదు. భోజనాల దగ్గర ఎవరో పెద్దాయన, "బావమరిది టికెట్ కాదన్నాడని మనసులో ఎట్టుకునే పోనాడు" అన్నాడు. నేను అక్కడే ఉన్నానని ఆయనకి తెలుసు. చెప్పడానికి నా దగ్గర అదే లెక్క ఉంది. తలదించుకుని తిన్నాను.

కార్డు ఇప్పటికీ వాడడం లేదు. చీపురుపల్లి దాకా ఒక టికెట్, అక్కడి నుంచి ఒకటి. ఎందుకని కండక్టర్ అడగడు. ఆ స్టాండులో నా దగ్గరికి చివర్లోనే వస్తాడు.

మొన్న ఆ స్టాండులో మేనకోడలు ఎక్కింది. చేతిలో పెద్ద తాళంచెవి, సంచిలోంచి బయటికొచ్చిన చీపురు. నాన్న ఇల్లు శుభ్రం చేయడానికి వెళ్తోందని అనుకున్నాను. మెట్టు మీదే కార్డు ఆనించింది. పెట్టె కీచుమంది. ఆ తర్వాత తల తిప్పింది, నేను కనబడ్డాను. ఒక్క క్షణం ఆగింది. ముందు సీట్లో, వాళ్ల నాన్న కూర్చున్న సీట్లోనే కూర్చుంది.

కండక్టర్ వచ్చాడు. నోటు చాచాను.

"విజయనగరం ఒకటి. నెల్లిమర్ల ఒకటి. ముందు కూర్చున్న పిల్లకి. మా మేనకోడలు."

కండక్టర్ ముందుకు చూశాడు. చెప్పడానికి ఆయనకీ ఇబ్బందిగానే ఉంది.

"ఆ అమ్మ కార్డు కొట్టీసినాది బాబూ. అక్కర్నేదు."

ముందు కార్డు, తర్వాత నేను. రెండూ ఏ వరసలో జరిగాయో నా కళ్లతో నేనే చూశాను. ఆ పిల్ల వద్దనలేదు. వద్దనడానికి నేను అసలు అడిగిందే లేదు. ఇదంతా నాకు తెలుసు. ఆసుపత్రిలో, పెద్దకర్మలో నేను నలుగురికీ చెప్పాలనుకున్న మాట ఇదే. అయినా నా టికెట్ ఒక్కటే పుచ్చుకుని, మిగిలిన డబ్బుతో చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే, ఆ తెలిసినదంతా ఎక్కడికో పోయింది. నన్ను వద్దన్నారన్న ఒక్కటే మిగిలింది.

గరివిడి దాటేదాకా నేను కిటికీ వైపు తిరిగే కూర్చున్నాను.