చప్పిడి బిళ్ళలు

పటమటలో జానకిగారింట్లో వంట చేసే తెరేసమ్మకి తన చేతివంటంటే మహా గర్వం. ఆ ఇంటి కుక్క జిమ్మీది నాజూకు కడుపు, ఏం తిన్నా పడేది కాదు. బియ్యప్పిండిలో ఉడికిన కోడిమాంసం కలిపి బిళ్ళలు కాల్చి పెట్టమనీ, ఉప్పు, వెల్లుల్లి తగలనివ్వొద్దనీ పశువుల డాక్టరు చెప్పాడు.

"నా చేత్తో చప్పిడి తిండా? కుక్క కూడా మూతి తిప్పుకుంటుంది!" అనుకుని, తెరేసమ్మ ఇంత ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసేసింది. జిమ్మీ లొట్టలేసుకుంటూ తింది. నాలుగోనాటికి లేవలేక మూలన పడింది.

"జిమ్మీ తాగే పాలల్లో నువ్వు కలిపే నీళ్ళే దీని కొంప ముంచాయి," అని జానకిగారు పాలుపోసే అంకయ్యని గుమ్మంలోనే దులిపేసి, రేపట్నించి రావద్దన్నారు.

"పదేళ్ళుగా నా పాలు కాస్తున్నదానివి, నువ్వైనా చెప్పు తెరేసమ్మా," అన్నాడు అంకయ్య.

తెరేసమ్మ పాలగిన్నె అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆదివారం చర్చిలో ఫాదరు ముందు పాపసంకీర్తనకి మోకరించి, చేసిన తప్పులు ఒప్పుకుంటూ పిల్లల మీద అరిచిన అరుపులు కూడా చెప్పుకుంది గానీ, ఇది చెప్పలేదు.

ఇప్పుడు చప్పిడిగానే చేస్తోంది. జిమ్మీ తేరుకుంది. బిళ్ళని వాసన చూసి వదిలేసి, పాత రుచి కోసం ఆమె వేళ్ళు నాకుతుంది.

"చూశావా, ప్రాణం నిలబెట్టిన చెయ్యేదో దానికి తెలుసు!" అంటారు జానకిగారు.

తెరేసమ్మ ఆ చేతిని కొంగులో దాచుకుంటుంది.