జర్మన్ పాటకు చేపిన ఆవు

మా పెద్ద తోడికోడలు కుప్పంలో పుట్టింట చనిపోయిందని సోమవారం పొద్దున్నే కబురు వచ్చింది. అప్పుడు నేను ఆవు దగ్గర ఉన్నాను. చెంబు పక్కన పెట్టి ఏడ్చాను. ఆమె కోసమే ఏడ్చానని అందరూ అనుకున్నారు. నిజమే, చాలావరకు.

ఆమె తండ్రి అక్కడ ఒక జర్మన్ డాక్టరు దగ్గర కాంపౌండరు. డాక్టరు పిల్లలతో ఆడుకుంటూ ఆమెకు ఆ భాష పట్టుబడింది. మదనపల్లెలో మా వీధికంతా అదే వింత. నాకు ఇల్లు పద్ధతిగా నడపడం వచ్చు. దాన్ని చూడడానికి ఎవరూ గుమ్మంలో నిలబడరు.

యుద్ధం రోజుల్లో రేడియోలో అరుపులు విన్నవాళ్లు జర్మన్ అంటే తిట్ల భాష అనుకునేవారు. బడి అయ్యవారేమో అది సంస్కృతమేనని, మంత్రాలు వచ్చినవాడికి ఇట్టే అర్థమవుతుందని వాదించేవారు. ఆమె నవ్వేది.

"దూరపు చుట్టమే అయ్యవారూ. చుట్టమైతే మాత్రం వాళ్లింట్లో మాటలు మనకు తెలస్తాయా?"

పుంగనూరు నుంచి నేను తెచ్చుకున్న పొట్టి ఆవు నా చేతికి తప్ప పాలు చేపేది కాదు. ఆ ఇంట్లో నాదంటూ చెప్పుకునే గొప్ప అదొక్కటే. ఒక వేసవిలో దూడ చచ్చిపోయాక నాకూ చేపడం మానేసి కాలు ఝాడించసాగింది. పక్కింటామె గోడ మీదుగా తోడికోడలిని కేకేసింది.

"అక్కా, జర్మన్లో రెండు తిట్లు తిట్టు తల్లీ! దడుసుకోని ఇస్తాది."

"తిట్లు నాకు రావమ్మా. ఆ డాక్టరింటామె బిడ్డల్ని నిద్రపుచ్చే పాటే వస్తాది" అంటూ ఆమె మెట్టు మీద కూర్చుని, ఆవు గంగడోలు నిమురుతూ మెల్లగా పాడింది. అంత మెత్తటి మాటలు ఆ భాషలో ఉంటాయని వీధిలో ఎవరూ అనుకోలేదు. అందరూ ఆమె నోటి వైపు చూస్తున్నారు. నేను పొదుగు వైపు చూస్తున్నాను.

నా ఆవు చేపింది.

అప్పటినుంచి రోజూ ఆమె పాడాలి, నేను పిండాలి. ఆ పాలతోనే నా పిల్లలు పెరిగారు, కాదనను.

"ఆ పాట నాకూ నేర్పక్కా" అన్నాను ఒకసారి.

"నీకు యాల? పాలు నీ చేతికే కదా పడతాండాయి!" అని, మెట్టు మీంచి లేస్తూ, "నేర్పితే నువ్వు నన్ను ఈడికి ఇంక యాల పిలస్తావు?" అంది.

నేర్పకుండానే పోయింది.

ఈ ఉదయం పాటలో మాటలు రాకపోయినా ఆ రాగం తీశాను. ఆవు ఒకసారి తల తిప్పి నన్ను చూసింది. తర్వాత ఆమె కూర్చునే మెట్టు వైపు చెవులు నిక్కించి, అలాగే నిలబడింది.