కాఫీ మరక, నలుపు తెలుపు కంప్యూటరు

ఆ రోజుల్లో కృష్ణానగర్ నుంచి అమీర్‌పేట దాకా ఏ గోడ ఖాళీగా కనిపించినా దాని మీద కంప్యూటర్ కోర్సు కాగితం అంటించి ఉండేది. సినిమా పోస్టర్లు వాటి కింద నుంచి ఒక కన్నూ ఒక మీసమూ బయటపెట్టి తొంగి చూసేవి. కంప్యూటర్ రాదంటే ఆటోవాడు కూడా జాలిగా చూసే కాలం. అలాంటి కాలంలో, ఎవరూ బలవంతం చెయ్యకుండా, పూర్తి తెలివితో, పట్టపగలు చాప పరుచుకుని కూర్చుని, ఇరవై ఏళ్లుగా చెక్కుచెదరకుండా నడుస్తున్న ఒక వ్యాపారాన్ని ఒక్క పూటలో విప్పి కుప్ప పోసిన ఘనత నాది. నూటా ముప్పై రెండు మూటలు. కొన్ని మూటలకి ఐదు దాకా ముడులు. సాయంత్రానికి వేళ్ల చివర్లు ఎర్రబడ్డాయి. నా వయసులో అంత శ్రద్ధగా అంత తప్పు పని చేసినవాళ్లు మా వైపు ఇంకెవరూ లేరని ఇప్పటికీ ధైర్యంగా చెప్పగలను.

ముడుల సంగతి చెప్పాలంటే ముందు మా మేనత్త సంగతి చెప్పాలి. కృష్ణానగర్‌లో మూడు గదుల ఇంట్లో ఉంటూ సినిమావాళ్లకీ సీరియళ్లవాళ్లకీ చీరలు కిరాయికి ఇచ్చేది. హీరోయిన్ చీరలు కావు. హీరోయిన్ తల్లివి, అత్తవి, పెళ్లి సీన్లో వెనక వరసలో నవ్వుతూ నిలబడేవాళ్లవి. ఇంట్లో మంచం తప్ప మిగతా అంతా మూటలే (పండగపూట మంచం మీద కూడా మూటలే). ఈ వ్యాపారంలో ప్రాణం చీరలో ఉండదు, కంటిన్యుటీలో ఉంటుంది. అత్త పాత్ర వేసినావిడ ఒక చీర కట్టుకుని గుమ్మం దాటుతుంది, ఆ రోజుకి షూటింగ్ ఆగిపోతుంది. పదిహేను రోజుల తర్వాత ఆవిడ వరండాలోకి వచ్చేటప్పుడు అదే చీర, అదే ముడత, అదే మరక ఉండాలి. అందాకా ఆ చీర ఇంకొకరికి ఇవ్వకూడదు, ఇస్త్రీ చెయ్యకూడదు, ముఖ్యంగా ఉతకకూడదు. ఇవన్నీ అత్తమ్మ మూట కొసకి గుడ్డపేలికలు కట్టి గుర్తుపెట్టుకునేది. ఎర్ర పేలిక సినిమాకి, పసుపుది సీరియల్‌కి. ఎన్ని సీన్లు మిగిలితే అన్ని ముడులు. నల్లదారం ఉంటే చీరకి నీళ్లు తగలకూడదు. ఇరవై ఏళ్లలో ఒక్క చీర తప్పు పోలేదు. ఆమెకున్న పేరంతా అదే.

నేనేమో ఎర్రగడ్డలో నాన్న కట్‌పీసుల దుకాణంలో, గల్లా పక్కన స్టూలు మీద పెరిగినదాన్ని. కొనేవాళ్ల చెప్పులు చూసి రేటు చెప్పడం నాకు పదేళ్లకే వచ్చు. బేరం కుదరక మెట్టు దిగినవాళ్లని మూడో అడుగులో వెనక్కి పిలవాలి. రెండో అడుగులో పిలిస్తే మనం చులకన, నాలుగో అడుగుకి పక్క దుకాణం వచ్చేస్తుంది. ఇంత విద్య ఉన్నా డిగ్రీ అయ్యాక మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం రాక, అత్తమ్మ దగ్గరికి సాయంగా వచ్చాను. అప్పుడే ఒక సీరియల్ కంపెనీ ఆమెతో మాట ఒకటి అనుకుంది. ఈ నెల ఒక్క పొరపాటు లేకుండా గడిస్తే, సీరియల్ నడిచినన్నాళ్లూ ఆడవాళ్ల చీరలన్నీ మా ఇంటి నుంచే. అదే కుదిరితే పక్క గది కిరాయికి తీసుకుని నన్ను భాగస్తురాలిగా పెట్టుకుంటానని అత్తమ్మ చెప్పింది. "అయితే ఇంక ముడులు, పేలికలు పనికిరావు అత్తమ్మా, కంప్యూటర్ పెడదాం," అన్నాను. ఆమె, "నీకు గా కంప్యూటర్ నడపొస్తదా?" అంది. వస్తుందన్నాను. అది సగం నిజం.

ఆదివారం ఎర్రగడ్డ సంతకి వెళ్లాను. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ముందు కూర్చున్న ఆసామి పద్నాలుగు వేలు చెప్పాడు. అందులో రంగుల మానిటర్, కరెంటు పోతే కాసేపు నిలబెట్టే యూపీఎస్, ప్రింటర్ అన్నీ ఉన్నాయి. నేను ఎనిమిది అన్నాను. అతను నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి పన్నెండుకి దిగుతూ ప్రింటర్ తీసి పక్కన పెట్టాడు. ఇంకా గీసిగీసి అడిగితే పదిన్నరకి వస్తూ యూపీఎస్ పక్కన పెట్టాడు. (నేను కంప్యూటర్ కొనడానికి వచ్చాను గానీ దాని బంధువుల్ని కాదు కదా అనుకున్నాను.) ఆఖరికి తొమ్మిదికి తెగేసరికి రంగుల మానిటర్ ఎత్తేసి దాని చోట చిన్నది పెట్టాడు. "ఇది నలుపు తెలుపు మేడమ్, అక్షరాలు గీ దాంట్లనే సాఫ్ కనిపిస్తయ్. జర ఫికర్ చెయ్యకుండ్రి." నేను అలవాటుగా లేచి నడిచాను. సరిగ్గా మూడో అడుగులో పిలిచాడు. ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నామని నాకు అప్పుడు తట్టలేదు. ఆటోలో మానిటర్ ఒళ్లో పెట్టుకుని, అయిదు వేలు మిగిల్చానని పాట పాడుకుంటూ ఇంటికొచ్చాను.

కోర్సు తాలూకు ల్యాబ్ గంటలు ఇంకా కొన్ని మిగిలుంటే (డబ్బు కట్టినవి వదులుకునే వంశం కాదు మాది) అత్తమ్మ ముడులు చూసి చెప్పినవన్నీ పాంప్లెట్ల వెనక రాసుకుని, అక్కడి రంగుల కంప్యూటర్లో పట్టికగా కొట్టాను. మూట నంబరు, చీర, కంపెనీ. ఆ పైన నా సొంత తెలివి: కంటిన్యుటీలో ఉన్న చీరలకి ముదురు ఎరుపు, ఖాళీగా ఉన్నవాటికి ముదురు ఆకుపచ్చ, లాండ్రీలో ఉన్నవాటికి పసుపు. నల్లదారం సంగతి రాయలేదు. ఎరుపంటేనే ముట్టుకోవద్దని కదా, మళ్లీ ఉతకొద్దని వేరే ఎందుకు? తెర మీద అది పట్టుచీర పరిచినట్టు మెరిసింది. ఫ్లాపీలో పెట్టుకుని, పాంప్లెట్లు అక్కడే చెత్తబుట్టలో వేసి, ఇంటికొచ్చి నా తొమ్మిది వేల కంప్యూటర్లో తెరిచాను. పసుపు మాత్రం తెల్లగా వచ్చింది. ఎరుపూ ఆకుపచ్చా రెండూ బూడిదరంగే.

ఇక్కడ తెలివైనవాళ్లెవరైనా ఆగుతారు. బేరంలో గెలిచిన మనిషి మాత్రం సరుకులో లోపం ఒప్పుకోదు. కళ్లు చికిలించి, తల కొంచెం ఎడమకి వాల్చి చూస్తే ఆకుపచ్చ బూడిద ఒక పిసరు లేతగా ఉందని తేల్చుకున్నాను. "గిదేంది, అన్నీ ఒక్క తీరుగున్నయ్?" అని అత్తమ్మ అడిగితే, "జర తేరిపార చూడాలె అత్తమ్మా, అలవాటవుతది," అన్నాను. ఆమె అలవాటు చేసుకోలేదు. ఎవరొచ్చి ఏ చీర అడిగినా కంప్యూటర్ వైపు చూడకుండా నేరుగా మూట దగ్గరికి పోయి పేలికలు తడిమి చూసేది. నాకు తల కొట్టేసినట్టుండేది. అందుకే ఆమె జాకెట్ల పని మీద యూసుఫ్‌గూడ టైలర్ దగ్గరికి వెళ్లిన రోజు చాప పరుచుకుని ముడులన్నీ విప్పేశాను. ఇంక వెనక్కి చూసుకునే దారి లేకపోతే ముందుకే పోతుందని నా వ్యూహం. ఆమె వచ్చి ఆ పేలికల గుట్ట చూసి గోడకి ఆనుకుని కూర్చుంది. "ఇగ నీ డబ్బనే చెప్తదా అన్ని?" అంది. "చెప్తది," అన్నాను. "సరే తియ్," అని పేలికలన్నీ ఒక సంచిలో వేసి మంచం కింద పెట్టింది. పారెయ్యలేదని అప్పుడు గమనించి ఉండాల్సింది.

మర్నాడు ఆదివారం. తీరిగ్గా కూర్చుని ఖాళీగా ఉన్న చీరల మూటలు సర్దుదామని తెర చూశాను. నలభై ఏడో నంబరు లేత బూడిదగా కనిపించింది. మూట విప్పితే నేరేడుపండు రంగు చీర, కుచ్చిళ్ల మీద జానెడు మరక. ఇంత మరక చీర ఎవరైనా కిరాయికిస్తారా, అత్తమ్మకి చూపు ఆనుతున్నట్టు లేదు, నేను రావడం మంచిదైంది అనుకుంటూ సబ్బునీళ్లలో నానబెట్టి, ఒకటికి రెండుసార్లు పిండి, దండెం మీద ఆరేశాను. మరక ఆనవాలు కూడా లేదు. సబ్బుల కంపెనీవాళ్లు చూసి ఉంటే నన్ను తెర మీదికి ఎక్కించేవాళ్లు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి అర్జెంటు బాబాయి వచ్చాడు. ఆ సీరియల్లో కాస్ట్యూమ్స్ చూసే ఆయనకి ఆ పేరు నేనే పెట్టాను. మంచినీళ్లు కూడా అర్జెంటుగా అడిగేవాడు. గోదావరి వైపు మనిషి. "అక్కగారూ, అర్జెంటండీ. పదకొండింటికి జూబ్లీహిల్స్ బంగళాలో సీను. ఆ నేరేడుపండు చీర ఇప్పించండి, కాఫీ మరకది." నేను కిటికీలోంచి దండెం వైపు చూశాను. నా చూపు వెంట అత్తమ్మ చూసింది. ఆమె చూపు వెంట ఆయన చూశాడు. తళతళలాడుతున్న చీర గాలికి ఊగుతోంది.

"ఉతికేశారా?" అన్నాడు ఆయన, చాలా మెల్లగా. "కొంప ముంచారు కదమ్మా. కోడలు కాఫీ ఒలకబోసింది కింద హాల్లో. అత్తగారు ఆ మరకతో మెట్లెక్కి, పైన మొగుడి మీద అరవాలి. మరక లేకపోతే ఎందుకరుస్తున్నట్టు?"

అత్తమ్మ నా వైపు చూడలేదు. "తమ్మీ, టైం ఎంతున్నది?" అంది. "గంటన్నర." "అయితే కాఫీ మళ్ల పోద్దాం." ఆయన సంచిలోంచి ఆ రోజు సెట్లో తీసిన ఫొటో బయటికి తీసేలోపే ఆమె కళ్లు మూసుకుని చెప్పింది, "ఎడమ దిక్కు, కుచ్చిళ్లల్ల నాలుగో మడత నుంచి ఆరోదాంక. గుమ్మడికాయ లెక్క ఉంటది, కిందికి తోక." ఫొటోలో సరిగ్గా అలాగే ఉంది. చిక్కేమిటంటే మా ఇంట్లో అందరం చాయ్ తాగేవాళ్లమే. కాఫీపొడి గింజంత లేదు. "ఉరుకు బిడ్డా," అంది. కిరాణా కొట్టుకి పరుగెత్తాను. అక్కడ ఏమైందో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పాకెట్ చేతిలోకి తీసుకున్నాక నా నోరు దానంతటదే, "ఎంతకిస్తవన్నా?" అంది. "రేటు పాకెట్ మీద రాసుందమ్మా," అన్నాడాయన. "రాస్తరు గని, ఎంతకిస్తవ్?" అన్నాను. మెట్టు దిగాను కూడా. మూడో అడుగులో పిలవలేదు. వెనక్కెళ్లి పూర్తి రేటిచ్చి తెచ్చుకున్నాను.

వచ్చేసరికి చీర నాకే కట్టారు, మరక సరైన చోట పడాలంటే మనిషి నిలబడాలని. అత్త పాత్ర వేసే ఆవిడదీ నాదీ ఒకే ఎత్తు. అత్తమ్మ గ్లాసు పట్టుకుంది. అర్జెంటు బాబాయి ఫొటో పట్టుకుని రెండడుగులు వెనక్కి వెళ్లి, తల వాల్చి, "కొంచెం కోపంగా నిలబడమ్మా," అన్నాడు. "కోపంగానా?" "ఆవిడ కోపంగానే నిలబడింది. అలా నక్కినట్టు నిలబడితే మడతలు మారిపోతాయి." అంత తప్పు చేసి కోపంగా నిలబడటం ఎంత కష్టమో నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. ఎర్రగడ్డ ఆసామిని తలుచుకున్నాను. నడుం దానంతటదే నిటారైంది. "అద్గదీ," అన్నాడు. అత్తమ్మ పోసింది. కాఫీ వేడిగా ఉంది, నేను కదల్లేదు. తోక మాత్రం చెంచాతో దిద్దింది, ముగ్గు వేసినట్టు. తర్వాత, దారిలో ఇంకెవరికైనా ఉతకాలన్న బుద్ధి పుట్టినా పోకుండా, మరక మీద ఇస్త్రీపెట్టె గట్టిగా అదిమింది.

ఆయన చీర తీసుకుని వెళ్లాక ఆ రోజు మా ఇంట్లో ఎవరం అన్నం మాట ఎత్తలేదు. అత్తమ్మ మంచం కింద సంచి లాగి పేలికలు ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్క మూట తెరిచి చీర ముట్టుకుని, గుర్తు తెచ్చుకుని ముడులు వెయ్యసాగింది. నేను ఎదురుగా కూర్చుని మూటలు అందిస్తున్నాను. నలభై మూటలు అయ్యాక, "కంప్యూటర్ అమ్మేస్తా అత్తమ్మా," అన్నాను. ఆమె ముడి బిగిస్తూ, "ఎందుకే? తప్పు నాది గూడ ఉన్నది. గీ ముడులు నాకొక్కదానికే తెలుసు. రేపు నాకు జరమొస్తే ఎవరికి తెల్వాలె? నేను చెప్తుంట, నువ్వు గా డబ్బల రాయి. రంగులద్దు, మాటలు రాయి. గని ఇంకోసారి ముడి ఇప్పినవంటే చేతులిరుగుతయ్," అంది. నాలుగున్నరకి పక్కింటి ఫోనుకి అర్జెంటు బాబాయి ఫోన్ చేశాడు. "అర్జెంటుగా చెప్తున్నానండి, షాట్ ఓకే. నెల కూడా నిండింది కదండీ, మేనేజర్ గారు రేపట్నుంచి చీరలన్నీ మీ దగ్గర్నుంచే తెమ్మన్నారు." అత్తమ్మ ఫోను పెట్టేసి ఇంటికొచ్చి, ఆరిపోయిన కాఫీ గ్లాసు కడగడానికి వెళ్లింది. అక్కడ చాలాసేపు నీళ్ల చప్పుడే వినిపించింది.

ఆ పట్టికలో నాలుగో గడి అలా పుట్టింది: "మరక ఉంది, ఉతకొద్దు", "కొంగు చిరిగింది, కుట్టొద్దు", "రెండు సీన్లు మిగిలినయ్". మరుసటి ఏడు అత్తమ్మ నాలుగు రోజులు కరీంనగర్ పెళ్లికి వెళ్లినప్పుడు ఆ గడి చూసుకునే ఇరవై చీరలు ఒక్క తప్పు లేకుండా పంపాను. వచ్చాక ఆమె మూటలు తడిమి చూసి, తెర వైపు తిరిగి, "ఫరవాలే, యాది మంచిగనే ఉంచుకుంటది," అంది కంప్యూటర్‌తో. నాతో కాదు. ఇప్పుడు పక్క గదితో పాటు మేడ మీది గదులు కూడా మావే. ప్రతి చీర ఫొటో ఫోన్లో ఉంటుంది, ఎప్పుడు ఏది కావాలో ఫోనే మోగి చెప్తుంది. మూటలకి పేలికలు కూడా ఉన్నాయి. ఆ సీను టీవీలో వచ్చిన రోజు మాత్రం మర్చిపోలేను. ఆవిడ మెట్ల కింద ఉన్నప్పుడు మరక ఒక కొలత, మెట్లెక్కాక రెండు వేళ్లు ఎక్కువ. ఊరంతా చూసింది, ఎవరూ పట్టుకోలేదు. అత్తమ్మ పట్టుకుంది. "గుమ్మడికాయ జర పెరిగింది," అని కొంగు అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఇక లెక్క. కంప్యూటర్ తొమ్మిది వేలు. ఆ తర్వాత విడిగా కొన్న రంగుల మానిటర్ మూడు వేల ఎనిమిది వందలు, యూపీఎస్ పదహారు వందలు, ప్రింటర్ పంతొమ్మిది వందలు. మొత్తం పదహారు వేల మూడు వందలు. ఆ ఆసామి మొదట అడిగింది పద్నాలుగు. అంటే నా బేరం విలువ రెండు వేల మూడు వందలు, నా వైపు నుంచి. కాఫీపొడి పాకెట్ మీద రాసిన రేటే. ఇస్త్రీ అదిమిన ఆ మరక మళ్లీ పోలేదు గనక నేరేడుపండు చీర కిరాయికి పనికిరాక, అత్తమ్మ నన్ను భాగస్తురాలిగా చేసుకున్న రోజు నాకే ఇచ్చేసింది. అది నా బీరువాలో, నల్లదారం కట్టి ఉంది. దాన్ని ఈ లెక్కలో వెయ్యలేదు.