ధర్మవరంలో నేను కట్టిన పద్దెనిమిది ఇండ్లు

ఆ రోజుల్లో నాకు ఇరవయ్యారేళ్ళు. అబద్ధమంటే డబ్బు కోసమో, చేసిన తప్పు దాచుకోవడానికో నోటితో చెప్పేదనుకునేదాన్ని. పని తొందరగా తెమలాలని, ముత్యాల్లాంటి చేతిరాతతో, ఎవరి మనసూ నొప్పించకుండా కాగితం మీద నింపేది కూడా అబద్ధమేనని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదు. హిందూపురంలో మేనత్త ఇంట్లో ఉంటూ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పేదాన్ని. మా ఊరు నల్లమాడ దగ్గర. మా నాయనది చెనిక్కాయ సేద్యం. కూతురు లెక్చరర్ అయిందన్న సంగతి ఆయన బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు టికెట్ తీసుకునేలోపే చెప్పేసేవాడు. అందువల్ల నామీద నాకూ కొంచెం గౌరవం ఎక్కువగానే ఉండేది.

ఆ ఏడాది మా కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి పైనుంచి ఒక బృందం వస్తుందని తెలిసింది. ప్రిన్సిపాల్ సారు అందరినీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, తలా ఒక పరిశోధనా వ్యాసం ఏదో ఒక జర్నల్లో అచ్చు కావలసిందేనన్నారు. ఆ మాట పడ్డ వారానికే మా ఫిజిక్స్ సారు వ్యాసానికి అంగీకార పత్రం వచ్చేసింది. పంపిన రెండో రోజే వచ్చింది. తీరా చూస్తే అది పశువైద్యం జర్నల్. ఫీజు కట్టాడు కాబట్టి ఉత్తరంలో ఆయన్ను 'గౌరవనీయులైన డాక్టరు గారూ' అని పిలిచారు (అప్పటికి ఆయనకు డాక్టరేటూ లేదు, ఇంట్లో దూడా లేదు). నేను చాటుగా నవ్వుకున్నాను. నా వ్యాసాన్ని అలాంటి చోటికి పంపకూడదని, పంపితే పెనుకొండకే పంపాలని పంతం పట్టాను.

పెనుకొండలో రిటైరైన ఎకనామిక్స్ సారు ఒకాయన ఉండేవారు. ఇద్దరు ముగ్గురు పాత స్నేహితులతో కలిసి మూడు నెలలకొకసారి పలుచటి జర్నల్ ఒకటి తెచ్చేవారు. దాని ఆఫీసు ఆయన ఇంటి ముందుగదే. అయినా అందులో వ్యాసం పడిందంటే యూనివర్సిటీవాళ్ళు కూడా తల పైకెత్తి చూసేవారు. ఎందుకంటే అక్కడ పడటం అంత సులభం కాదు. వ్యాసంలో ప్రతి అంకె పక్కనా ఎర్ర సిరాతో 'ఇది యాడిది?' అని రాసి తిప్పి పంపేవారు. అలా ఆయనకు 'యాడిది సారు' అని పేరొచ్చింది (ఆ సంగతి ఆయనకూ తెలుసు, చిన్నబుచ్చుకునేవారు కాదు).

నేను ఎంచుకున్న విషయం ధర్మవరం పట్టుచీరల నేతపనివాళ్ళ జీవనం. నలభై ఇండ్లు తిరిగి, అచ్చువేయించిన ప్రశ్నపత్రం నింపాలని అనుకున్నాను. మూడు ఆదివారాలు పొద్దున్నే హిందూపురంలో రైలెక్కి ధర్మవరంలో దిగి ఇల్లిల్లూ తిరిగాను. నేసేవాడు మగ్గం గుంటలోనుంచి తల ఎత్తకుండానే జవాబు చెబుతాడు. సగం మాటలు మగ్గం చప్పుడులో కలిసిపోతాయి. ఒక ఇంట్లో జవాబుకంటే ముందు నాకు జీతమెంత, ఇంకా పెండ్లెందుకు కాలేదు అన్న ప్రశ్నలకు నేనే జవాబులిచ్చి వచ్చాను. ఇంకో ఇంట్లో ఒక అవ్వ నా ప్రశ్నలన్నీ ఓపిగ్గా విని, దీంట్లో నాకు చెప్పేదేమీ లేదు పొమ్మని లోపలికెళ్ళిపోయింది. మూడో ఆదివారం సాయంత్రానికి లెక్క చూసుకుంటే ఇరవై రెండు ఇండ్లయ్యాయి. గడువు ఇంకో వారమే ఉంది. కాళ్ళు బొబ్బలెక్కాయి.

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. అదే నా కొంప ముంచింది. సంచిలో ఖాళీ పత్రాలు పద్దెనిమిది ఉన్నాయి, రంగురంగుల పెన్నులు నాలుగున్నాయి. ఇరవై రెండు ఇండ్లు చూసినదాన్ని, మిగిలినవి ఎలా ఉంటాయో నాకు తెలియదా అనిపించింది. పెనుకొండ వచ్చేలోపు తొమ్మిది ఇండ్లు కట్టాను, హిందూపురం వచ్చేలోపు మరో తొమ్మిది. వీధుల పేర్లు నిజమైనవే. మనుషుల పేర్లు మాత్రం నా పదో తరగతి హాజరుపట్టీలోనివి (క్లాసు లీడరుగా రోజూ నేనే పిలిచేదాన్ని, ఒక్కటీ మరిచిపోలేదు). అక్షరాలు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వాల్చి రాశాను. నిజం చెప్పాలంటే ఆ పని నాకు చాలా నచ్చింది. చివరి బెంచీవాడికి మూడు మగ్గాలు, మంచి భార్య, ఇద్దరు కూతుళ్ళు, జబ్బుపడ్డ ఒక బర్రె ఇచ్చినప్పుడు ఆ బర్రె గురించి నిజంగానే దిగులేసింది.

వ్యాసం పెనుకొండకు పంపి, అచ్చవడానికి సిద్ధంగా ఉందని ప్రిన్సిపాల్ సారుకు చెప్పేశాను. ఆయన అప్పటికప్పుడు బృందానికి ఇచ్చే జాబితాలో నా పేరు టైపు చేయించారు. పది రోజులకు యాడిది సారు ఫోన్ చేశారు. నింపిన పత్రాలన్నీ తీసుకుని శనివారం ఒకసారి ఇంటికి రమ్మన్నారు. మెచ్చుకోవడానికేమో అనుకుని కొత్త చీర కట్టుకుని పోయాను.

ఆయన పత్రాలు తీసుకుని మంచం మీద పేకముక్కల్లాగా పంచడం మొదలుపెట్టారు. ఒక్కొక్క కాగితం చూడటం, ఈ పక్కనో ఆ పక్కనో వేయడం. పూర్తయ్యేసరికి ఒక దొంతిలో ఇరవై రెండు, ఇంకో దొంతిలో పద్దెనిమిది. ఒక్కటీ తప్పలేదు. ఆయన గొంతు పెంచలేదు.

"ఏమన్నా చెప్పేది ఉండాదా పాపా?" అన్నారు.

"లేదు సార్" అన్నాను. అంత ధైర్యం నాకెక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"అట్లయితే రేపు ఆదివారమే కదా, ధర్మవరం పోదాం. ఈ పద్దెనిమిదింట్లో ఒక్క ఇల్లు చూపిస్తే చాలు."

మరుసటి రోజు నేను హిందూపురంలో ఎక్కిన బండిని ఆయన పెనుకొండలో ఎక్కారు. ధర్మవరం దాకా వానల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నేను ప్రతి స్టేషన్లోనూ నిజం చెప్పేద్దామనుకోవడం, బండి కదలగానే మానుకోవడం. దిగాక ఆయన దొంతిలోంచి ఒక పత్రం లాగి, అందులోని వీధికే నేరుగా తీసుకెళ్ళారు. అది చివరి బెంచీవాడి పత్రం. ఆ పేరు మనిషి ఈడ లేడంటారు, ఇల్లు ఖాళీ చేసి పోయాడేమో అని నేనంటాను, అంతటితో తీరిపోతుందని నా ధీమా. ఆ పేరు ధర్మవరంలో పదిమందికైనా ఉంటుందని తట్టలేదు. టీకొట్టు దగ్గర సారు అడగ్గానే, పక్కనే సైకిల్ షాపులో ట్యూబు నీళ్ళలో ముంచి పంక్చరు వెతుకుతున్న ముప్పై ఏళ్ళ మనిషి చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"నేనే సార్. ఏం కావల్ల?"

సారు పత్రం విప్పి నింపాదిగా చదివారు. మూడు మగ్గాలు. భార్య. ఇద్దరు కూతుళ్ళు. బర్రె. ఆ మనిషి నోరు తెరుచుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత కాగితం మీదికి వంగి తన పేరు చూసుకున్నాడు.

"పేరు నాదే సార్. నాకు పెండ్లే కాలేదు, మా ఇంట్లో పదేండ్లుగా సంబంధాలు చూస్తానే ఉండారు" అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఆ ఇల్లు యాడుండాదో చెప్తే నేనూ పోయి చూసొస్తా" అన్నాడు.

ఎగతాళిగా అనలేదు, పాపం. నాకు మొదట నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపుగా మారింది. కొత్త ట్యూబుల పెట్టె మీద కూర్చుని, రైలు సంగతి, హాజరుపట్టీ సంగతి, నాలుగు పెన్నుల సంగతి అన్నీ చెప్పేశాను. సైకిల్ షాపాయన తనవల్లే ఏదో జరిగిందని భయపడి మూడు టీలు తెప్పించాడు. సారు గ్లాసు చేతిలో పట్టుకుని, పత్రాల్లో తేడా ఎలా తెలిసిందో చెప్పారు. నిజమైన కాగితాల మీద రంగు మరకలున్నాయి, కొట్టివేతలున్నాయి, 'తెలీదు' అన్న జవాబులున్నాయి. నా పద్దెనిమిది మందిలో ఒక్కరికీ తెలియని విషయం లేదు, అందరి వయసులూ ఐదుతోనో సున్నాతోనో ముగిశాయి. తర్వాత ఆయన అన్న మాట మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నేనిది అచ్చేస్తే రేపు ఇంకొకరు నిజమనుకోని దీన్ని చూసి రాస్తారు. ఆయప్పను చూసి ఇంకొకరు రాస్తారు. కడాకు కాగితాల్లో నువ్వు పుట్టించినోళ్ళే మిగుల్తారు పాపా. ఈ వీధిలో మగ్గం మీద కూసున్నోళ్ళు యాడికి పోవల్ల?"

ఇరవై రెండు ఇండ్లేనని ఒప్పుకుని రాసినా, మిగిలిన పద్దెనిమిది నిజంగా తిరిగి రాసినా చదువుతానని, వేయాలా వద్దా అన్నది ఆ తర్వాతి సంగతని చెప్పి ఆయన రైలెక్కారు.

సోమవారం పోయి ప్రిన్సిపాల్ సారుకు నిజం చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన జాలిపడ్డారు. "ఇరవై రెండుకూ నలభైకీ ఏం తేడా అమ్మా, ఎవరు చూస్తారు? ఫిజిక్స్ సార్ పంపిన చోటికి పంపించెయ్. జాబితా మార్చే పనుండదు" అన్నారు. అది సలహానో ఆజ్ఞో నాకర్థం కాలేదు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు మరి. ఆ సాయంత్రం కాలేజీ కంప్యూటరు ముందు కూర్చుని నిజంగానే వ్యాసం ఎక్కించాను. చివర్లో ఒక చిన్న గడి వచ్చింది. ఇందులోని వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తూ దానిమీద టిక్కు పెట్టాలి. అలాంటి గళ్ళు చదవకుండానే ఎన్నిటికి టిక్కు పెట్టి ఉంటానో. ఆ రోజు ఖర్మకాలి చదివాను. చదవగానే పెండ్లికాని ఆ మనిషీ, ఆయన ఇద్దరు కూతుళ్ళూ కళ్ళముందుకొచ్చారు. చెయ్యి కదల్లేదు. కంప్యూటరు ఆపేసి, జాబితాలోంచి నా పేరు తీసేయమని చీటీ రాసి ప్రిన్సిపాల్ సారు బల్ల మీద పెట్టి ఇంటికి పోయాను.

బృందం వచ్చిన రోజు వ్యాసాలున్నవాళ్ళంతా ఇస్త్రీ బట్టల్లో ముందువరుసలో కూర్చున్నారు. నాకు ఉప్మా, వడల బాధ్యత అప్పగించారు. వడలు బాగున్నాయని బృందంలో పెద్దాయన రెండుసార్లు అన్నారు. ఆ ఏడాది నా పనికి దక్కిన గుర్తింపు అదే. పర్మనెంటు మాట మరుసటి ఏడాదికి వాయిదా పడింది. నాయనకు ఏం చెప్పాలో తెలియక, చెనిక్కాయలు ఎట్లున్నాయని అడిగి ఫోన్ పెట్టేశాను.

మళ్ళీ ఆదివారాలు మొదలయ్యాయి. మొదట నన్ను పొమ్మన్న అవ్వ ఇంటికే పోయాను. ఈసారి పత్రం సంచిలోనే ఉంచి, అవ్వా, నీ పని చెప్పు అన్నాను. ఆమె నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టింది. పేకకు, అంటే చీరలో అడ్డంగా నేసే పోగుకు, వాడే పట్టుదారాన్ని చిన్న చిన్న కండెలకు చుట్టాలి. నేను చుట్టిన ప్రతిసారీ దారం తెగింది. తెగిన ప్రతిసారీ ఆమె ముడివేసి ఇచ్చింది. ముడి ఎక్కడుందో నాకు కనబడనే లేదు.

"పొద్దు పొడిసినప్పట్నుంచి ఇదే పని నాకు, నా కోడలికి. ఈ కండెలు లేకుంటే మగ్గం మీద కూసున్నోడు ఏం నేస్తాడు? నీ కాగితంలో వాడు ఎంతసేపు నేసినాడని ఉండాదే గానీ, మేమేం సేసినామని ఉండాదా?"

లేదు. పైగా నేను పుట్టించిన పద్దెనిమిది ఇండ్లలోనూ ఆడవాళ్ళ గురించి ఒకే మాట రాశాను, 'ఖాళీ సమయంలో సాయం' అని. నేను ఆడదాన్నై ఉండి, పొలంలో మా అమ్మ వెనకాల తిరిగి పెరిగినదాన్నై ఉండి, పద్దెనిమిది మంది ఆడవాళ్ళను ఖాళీగా కూర్చోబెట్టాను. ఆ రోజు రైల్లో తలెత్తుకోలేకపోయాను. ఆడవాళ్ళు రోజంతా ఏ పని చేస్తారన్న కొత్త ప్రశ్న చేర్చాను. చేర్చినందుకు పాత ఇరవై రెండు ఇండ్లకూ మళ్ళీ పోవలసి వచ్చింది. ("మళ్ళా వస్తివా మేడం" అని ఒకాయన నాకొక పీట శాశ్వతంగా కేటాయించాడు.) మిగిలిన పద్దెనిమిది ఇండ్లూ నిజంగా తిరిగేసరికి వ్యాసం ముగింపే తారుమారైంది. పెనుకొండనుంచి అది నాలుగుసార్లు ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. ఐదోసారి రాలేదు, అచ్చయింది.

అచ్చయిన వ్యాసం గురించి యూనివర్సిటీలో ఎవరో మంచిమాట అన్నారని తెలిసి ప్రిన్సిపాల్ సారు పిలిపించారు. దాన్ని కాలేజీ తరఫున పుస్తకంగా వేద్దామని, అలా వేసేటప్పుడు సంస్థ పెద్దగా తన పేరు కూడా ముందు చేర్చడం ఆనవాయితీ అన్నారు. నేను చాలా వినయంగానే, సార్, మీరు ధర్మవరంలో ఏయే ఇండ్లకు పోయినారో చెప్తే రాస్తానన్నాను. ఆయన నిజాయితీపరుడే. కాసేపు ఆలోచించి, మా ఇంటామెకు చీర కొనడానికి ఒక అంగడికి పోయినానమ్మా అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. మరుసటి ఏడాది నన్ను పర్మనెంటు చేసిన కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే.

జర్నల్ కాపీ ఒకటి అవ్వకు ఇచ్చాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చదువుతుంటే ఆమె కండెలు చుట్టడం ఆపకుండా విన్నది. ఒకచోట ఆపి, మగ్గం మీద పాత పోగులకు కొత్త పోగులు అతుకు వేసే పని కోడలిది కాదు, నాదే అని సరిదిద్దింది. తర్వాతి సంచికలో ఆ సవరణ కూడా అచ్చు వేయించాను.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. పిల్లలు రాసే వ్యాసాలు నేనే దిద్దుతున్నాను. మొన్నొకరోజు ఏదో వెతుక్కుంటూ ఉంటే నా పాత వ్యాసం కనబడింది. ఇంగ్లీషు అక్కడక్కడా కుంటుతుంది. ఒక పట్టికలో గీతలు వంకర పోయాయి. ముగింపులో ప్రభుత్వానికి ఇచ్చిన సలహాలు చదివితే, దేశమంతా నా ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. అయినా ఒక్క వాక్యం మార్చబుద్ధి కాలేదు. ఎండలో నల్లబడి, చెప్పులరిగి, ప్రతి ఆదివారం ఆ వీధుల్లో తిరిగిన ఆ పిల్ల ఎదురైతే కూర్చోబెట్టి కాసిని మంచినీళ్ళిచ్చి, బాగానే చేసినావులే అని చెప్పాలనిపించింది. ఆమె ఆ మాట నమ్మేది కాదు. సలహాల దగ్గర ఇంకో పేరా చేర్చనా అని అడిగేది.