ఇద్దరు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు

ఆ ఆఫీసులో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. అందరికీ ఆయన చెప్పలేం గారు. ఏమడిగినా ముందుగా ఆ మాటే వచ్చేది మరి. వాన తగ్గిందా అని అడిగితే కిటికీ దాకా వెళ్లి, చెయ్యి బయటపెట్టి, రెండు నిమిషాలు ఆగి, ఈ కిటికీ దగ్గరైతే తగ్గిందనీ వీధి చివర సంగతి చెప్పలేమనీ తేల్చేవారు. లిఫ్టు పైకి వెళ్తోందా అంటే, ప్రస్తుతానికి ఆగి ఉంది అనేవారు. పుట్టినరోజు ఎప్పుడని అడిగిన పాపానికి ఒకాయన పావుగంట నిలబడాల్సి వచ్చింది. అది తనకు స్వయంగా తెలిసిన విషయం కాదనీ, వాళ్లమ్మ చెప్పగా విన్నదేననీ, ఆ సమయంలో తాను అక్కడే ఉన్నా గమనించే స్థితిలో లేననీ ఆయన వివరణ.

కొత్తమ్మాయి చేరిన రోజున ఆమెకు మొదట ఎదురుపడింది ఈయనే. ఈ కుర్చీ ఖాళీయేనా అని ఆమె వినపడీ వినపడనట్టు అడిగింది. ఆయన కుర్చీ మీదకు ఒకసారి, కిందకు ఒకసారి చూసి, "ఇప్పుడైతే ఎవరూ కూర్చుని లేరు. అంతవరకే నా పూచీ" అన్నారు. పాపం ఆ పిల్ల మధ్యాహ్నం దాకా కుర్చీ అంచునే కూర్చుంది.

ఆమెకు మాట్లాడడం చేతకాదు. అంతకుముందు రెండు ఉద్యోగాలు ఆ కారణంగానే పోయాయి. మొదటిది ఫోనులో ఫిర్యాదులు వినే పని. ఆమె ఎంత శ్రద్ధగా వినేదంటే, అవతలివాళ్లు లైను తెగిపోయిందనుకుని పెట్టేసేవారు. రెండోది బట్టల దుకాణం. ఈ రంగు నాకు నప్పుతుందా అని అడిగినవాళ్లకు ఆమె నిజంగానే ఆలోచించి జవాబు చెప్పాలనుకునేది. ఆ జవాబు నోటిదాకా వచ్చేసరికి వాళ్లు పక్క దుకాణంలో ఉండేవారు. ఇది కూడా పోతే ఇంక నువ్వు దేనికి పనికొస్తావో నువ్వే చెప్పు అని అన్నయ్య అన్నాడు. అదీ ఆమె చెప్పలేకపోయింది.

ఈ ఆఫీసులో మాత్రం నోరు తెరవక్కర్లేదు. ఇక్కడ చేసేది యంత్రానికి చదవడం నేర్పే పాఠాలు. ఒక పేరా ఇస్తారు, దాని మీద ప్రశ్నలు రాసి, జవాబు ఎక్కడుందో గీత గీసి చూపాలి. జవాబు లేకపోతే లేదనాలి. ఇంకో రకం పనిలో రెండు వాక్యాలు ఇస్తారు. మొదటిది నిజమనుకుంటే రెండోది కూడా నిజమేనా? తెర మీద మూడు బటన్లు: అవును, కాదు, చెప్పలేం. ఒక్కో జతనూ ముగ్గురు ఎవరికి వారుగా చూస్తారు. ఇద్దరు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు అయితే ఇద్దరి మాటే చెల్లుతుంది. ఆ ఒక్కరి పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది. మొదటి మూడు నెలల్లో నలభై చుక్కలు పడితే కొత్తవాళ్లు ఇంటికి వెళ్లిపోవాలి. పాతవాళ్లకైతే మందలింపు ఉత్తరం వస్తుంది.

చెప్పలేం గారికి అలాంటి ఉత్తరాలు ఒక ఫైలు నిండా ఉన్నాయి. ముప్పయ్యేళ్లు రైల్వే స్టేషనులో విచారణ కిటికీ వెనక కూర్చుని రిటైరైన మనిషి ఆయన. బండి వస్తుందా అన్నవాళ్లకు వెనక స్టేషను దాటిందని మాత్రమే చెప్పి పంపిన మనిషి. అలాంటివాడికి ఈ మూడో బటను దొరకడం ఎండలో నడిచేవాడికి నీడ దొరికినట్టయింది. "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి" అన్న వాక్యం కింద "పొయ్యి వెలుగుతోంది" అని ఉంటే గదంతా అవునని నొక్కింది. ఆయన చెప్పలేం అన్నారు. మంట ఆర్పేసిన క్షణంలో కూడా పాలు పొంగుతూనే ఉంటాయట. మందలింపు ఉత్తరం వస్తే దాన్నీ అలాగే చదివేవారు. "మీకు పని మీద శ్రద్ధ లేదు" అన్న వాక్యం కింద గీత గీసి, "ఇది పై వాక్యాల నుంచి తేలడం లేదు" అని రాసి, మడత చెడకుండా సూపర్‌వైజరుకు తిరిగి ఇచ్చేవారు.

ఒకసారి ఆయన మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి వాళ్లావిడ ఆఫీసుకు వచ్చింది. ఇంట్లో కూడా ఇలాగేనా అని ఎవరో అడిగారు.

"పెళ్లయిన కొత్తలో నేనంటే ఇష్టమేనా అని అడిగానమ్మా" అంది ఆవిడ. "ఇప్పటిదాకా చూసినదాన్ని బట్టి అవును అన్నారు. అప్పటినుంచి నేను జాగ్రత్తగానే ఉంటున్నాను."

ఇద్దరొకవైపు, ఒక్కరొకవైపు వచ్చిన జతలన్నీ రోజూ మధ్యాహ్నం మూడింటికి ఒక జాబితాగా అందరి తెరల మీదా కనిపించేవి. ఎవరేం నొక్కారో పేర్లుండవు. ఆ ఒక్కరిదే సరైన జవాబని ఎవరికైనా అనిపిస్తే అభ్యంతరం రాయొచ్చు. అయితే సూపర్‌వైజరు మేడం తెలివైన మనిషి. అభ్యంతరాలు గది మూల బీరువాలో ఉంచిన కాగితాల మీదే చేత్తో రాయాలని, రోజుకు ఐదుకు మించి రాయకూడదని, అభ్యంతరం తప్పని తేలితే రాసినవాళ్లకే ఎర్రచుక్క అని నియమం పెట్టింది. ఈ దెబ్బతో ఎవరూ బీరువా వైపు రారని ఆమె ధీమా. వచ్చింది ఒక్కరే. చెప్పలేం గారు రోజూ మూడుంబావుకు ఐదు కాగితాలు లెక్కపెట్టి తీసుకుని, టీ చల్లారిపోయేదాకా రాస్తూ కూర్చునేవారు. తన చుక్కలు తుడిపించుకోవడానికి పెద్దాయన ఎంత తంటాలు పడుతున్నాడో అని గది నవ్వుకునేది. కొత్తమ్మాయి కూడా పైకి కనపడకుండా నవ్వుకుంది.

ఆమెకు నవ్వే తీరిక ఎక్కువ రోజులు మిగల్లేదు. అయిదో వారానికి ముప్పై మూడు చుక్కలు. "అమ్మ ఇంకా నిద్రలేవలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ టీ తాగలేదు" అన్న వాక్యం కింద "అమ్మకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ టీ పెట్టడం రాదు" అని ఉంది. ఆమె చాలాసేపు ఆలోచించి చెప్పలేం అంది. మిగతా ఇద్దరూ అవునన్నారు. ఇంకో జతలో, డాక్టరు రోగి గదిలోంచి బయటికి వచ్చి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రోగి పరిస్థితి బాగాలేదని ఇద్దరు. ఆ మాట కళ్లజోడులో ఎక్కడుందో ఆమెకు కనిపించలేదు. చుక్క.

పక్క సీటు అక్క జాలిపడింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని రహస్యం చెప్పింది.

"పిచ్చిదానా, వాక్యం ఎందుకు చదువుతావ్? మిగతా ఇద్దరూ ఏం నొక్కుతారో అది ఆలోచించు. మేమంతా చేసేది అదే."

"ముగ్గురూ అలాగే చేస్తే?"

"ముగ్గురికీ చుక్క రాదు."

కొత్తమ్మాయి ఆ వారం అలాగే చేసింది. రెండు వాక్యాలూ కళ్ల ముందు ఉన్నా వాటిని చూడకుండా, ఎవరో తెలియని ఇద్దరి మనసుల్లోకి తొంగిచూసి బటను నొక్కింది. వారమంతా ఒక్క చుక్కా పడలేదు. అన్నయ్యకు చెబితే సంతోషించాడు. ఆమెకు మాత్రం సాయంత్రానికి తల బరువుగా ఉండేది. ఏం చదివిందో ఒక్కటీ గుర్తుండేది కాదు.

శనివారం నాడు ఆమె నీళ్లు పట్టుకుంటుంటే చెప్పలేం గారు సీసా పట్టుకుని వెనక నిలబడ్డారు.

"మన గదిలో ఎవరో ఒకరు వాక్యాలు చదివేవారమ్మా" అన్నారు, కుళాయితో మాట్లాడుతున్నట్టు. "సోమవారం నుంచి మానేశారు. ఒంట్లో బాగుందో లేదో."

"మీకెలా తెలుసండీ?"

"మధ్యాహ్నం జాబితాలో రోజూ ఒకటి రెండు చోట్ల ఆ ఒక్కరు తగిలేవారు. ఈ వారం ఎక్కడా తగల్లేదు."

ఆమె గ్లాసు నిండి నీళ్లు చేతిమీదుగా కారిపోయాయి. ఆయన కుళాయి కట్టేసి, సీసా నింపుకోవడం మర్చిపోయి వెళ్లిపోయారు.

సోమవారం నుంచి కొత్తమ్మాయి మళ్లీ వాక్యాలు చదవడం మొదలుపెట్టింది. ధైర్యం వచ్చి కాదు, తలబరువు భరించలేక. ముప్పై నాలుగు, ముప్పై ఆరు. ఎనిమిదో వారం చివరికి ముప్పై తొమ్మిది. పని ఇచ్చిన సంస్థ నుంచి పరీక్షకురాలు వచ్చేసరికి కొత్తమ్మాయి సొరుగులోని సామానంతా సంచిలో సర్దేసుకుంది. దువ్వెన, గ్లాసు, గొడుగు. అంతే ఉంది.

పరీక్షకురాలు రెండు రోజులు తలుపు మూసుకుని అభ్యంతరాల కట్టలన్నీ చదివింది. లోపలి నుంచి మధ్యమధ్య నవ్వు వినిపించేది. సూపర్‌వైజరు మొహం చిన్నబుచ్చుకుని తిరిగింది. మూడో రోజు పొద్దున్నే సూపర్‌వైజరు కొత్తమ్మాయిని పిలిచింది. కొత్తమ్మాయి సంచితో సహా వెళ్లింది.

"సంచి ఎందుకు? కూర్చో. నీ చుక్కల్లో ముప్పై తీసేశారు. తొమ్మిదే మిగిలాయి."

కొత్తమ్మాయికి అర్థం కాలేదు. తాను ఒక్క అభ్యంతరమూ రాయలేదు. చేతిరాత బాగుండదని ఆ బీరువా దగ్గరికే వెళ్లలేదు. సూపర్‌వైజరు ఒక కట్ట ఆమె ముందుకు తోసింది. పైన ఉన్నది టీ సంగతి. గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "టీ పెట్టడం రాకపోవడం వేరు, పెట్టకపోవడం వేరు. నాకు టీ పెట్టడం వచ్చు. ఈ విషయం మా ఇంట్లో తెలియదు. ఆ ఒక్కరిదే సరైన జవాబు." దాని కింద డాక్టరు కళ్లజోడు. "అద్దాల మీద మరక ఉండి ఉండవచ్చు. వైద్యులకూ మరకలుంటాయి." ఇంకా కింద ఎక్కడో ఎవరో ఒకరు ఒంటరిగా అవునని నొక్కిన జత. ఆ ఒక్కరు చెప్పినట్టు "అవును, నిస్సందేహంగా" అని చెప్పలేం గారే రాశారు. ఆయన నోటివెంట ఎన్నడూ వినని ఆ మాట ఆ కట్టలో ఇరవైచోట్ల ఉంది.

"ఈ ఎనిమిది వారాల్లో మొత్తం రెండు వందల నలభై కాగితాలు" అంది సూపర్‌వైజరు. "రెండు వందల పన్నెండు ఒప్పుకున్నారు. తప్పని తేలిన ఇరవై ఎనిమిదికీ ఆయనకే చుక్కలు పడ్డాయి. నేను వాటిని ఆయన పేరు మీద వేస్తూ చూసుకున్నాను కదా, ఒక సంగతి తెలిసింది. ఇందులో ఆయన సొంత జత ఒక్కటీ లేదు. రోజుకు ఐదే రాయనిచ్చాను. ఐదూ ఇతరులవే."

"నావని తెలిసే రాశారా?"

"పేర్లు నాకు తప్ప ఎవరికీ తెలియవు. నీవే కాదు, ఈ గదిలో ఏడుగురివి ఉన్నాయి. పక్క సీటు ఆవిడవి కూడా."

మధ్యాహ్నం మెట్ల మీద ఆయన కనిపించారు. పొట్లం విప్పి బిస్కెట్లు తింటున్నారు. ఆమె రెండు మెట్లు కింద కూర్చుని, ఆ కాగితాల్లో తనవి ముప్పై ఉన్నాయని చెప్పింది. ఓహో అలాగా అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. పరిచయమే లేని మనిషి కోసం ఇంత శ్రమ ఎందుకు పడ్డారని అడగాలనుకుంది. ఆ మాట తయారయ్యేలోపు మామూలుగా ఎవరైనా లేచి వెళ్లిపోయేవారు. ఆయన ఇంకో బిస్కెట్టు తీసి కూర్చున్నారు. ఆమె అడగగలిగింది.

"ఒకరోజు బండి నాలుగో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వస్తోందని ఎవరో అన్నారమ్మా. జనమంతా అటు పరుగు. ఒకావిడ మాత్రం ఒకటో నంబరులోనే నిలబడింది. నా కిటికీ దగ్గరికి వచ్చి, మైకులో ఒకటని విన్నాను, ఇక్కడే ఉండనా అంది. నాకింకా కబురు రాలేదు. వెనక ముప్పైమంది వరసలో ఉన్నారు. అందరూ అటే వెళ్తున్నారు కదా, మీరూ వెళ్లండి అన్నాను. ఆవిడ వంతెన మధ్యలో ఉండగా బండి ఒకటో నంబరుకు వచ్చి వెళ్లిపోయింది."

"మిమ్మల్ని తిట్టిందా?"

"తిడితే బాగుండేది. వెనక్కి వచ్చి, పోనీలెండి, అందరూ వెళ్తుంటే మీరు మాత్రం ఏం చేస్తారు అంది." ఆయన ఒళ్లో పడ్డ పొడి దులుపుకున్నారు. "మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే పోగొట్టుకున్నారు. ఆవిడ ఒక్కతే సరిగ్గా విన్నది. ఆవిడ చేత పోగొట్టించింది నేను."

ఆ రోజు మూడింటికి జాబితా వచ్చింది. మూడుంబావుకు బీరువా దగ్గర ఇద్దరున్నారు. నాలుగింటికి కొత్తమ్మాయి తన ఐదు కాగితాలూ పట్టుకుని సూపర్‌వైజరు ముందు నిలబడింది. మేడం మొదటిది తీసి చదివింది. "అరగంట నుంచి వాళ్లిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నా ఒక్కమాటా మాట్లాడుకోలేదు." కింద: "వాళ్లిద్దరికీ పరిచయం లేదు." ఇద్దరు అవునన్నారు. ఎవరో ఒక్కరు చెప్పలేం అన్నారు.

"ఇందులో ఏముందమ్మా, పరిచయముంటే ఈపాటికి మాట్లాడుకునేవారు కదా" అంది మేడం.

"కాదండీ" అంది కొత్తమ్మాయి.

తర్వాత పావుగంట సేపు ఆపకుండా మాట్లాడింది. మాట్లాడక్కర్లేనంత పరిచయముండడం ఎలా ఉంటుందో చెప్పింది. గొడవపడిన స్నేహితులు ఎలా కూర్చుంటారో, పక్కన మనిషి ఉంటే చాలనుకునేవాళ్లు ఎలా కూర్చుంటారో చెప్పింది. పక్క సీటు అక్క పని ఆపి వెనక్కి తిరిగింది. చెప్పలేం గారు కుర్చీని చప్పుడు కాకుండా ఇటు తిప్పుకుని విన్నారు. చివరికి సూపర్‌వైజరు రెండు చేతులూ ఎత్తేసి, సరే తల్లీ, ఒప్పుకున్నాను, వెళ్లి కూర్చో అంది.

కొత్తమ్మాయి కూర్చోలేదు.

"ఇంకా నాలుగున్నాయండీ" అంది.