బావ వినాలనుకున్న మోత

మొన్న శుక్రవారం పొద్దున మా బావ చనిపోయాడు. ఆ సమయానికి నేను పెరట్లో ఉన్నాను, ఆయన పక్కన లేను. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసినన్నాళ్లూ మింగిన దుమ్ము చివరికి ఊపిరితిత్తుల్ని తినేసింది. డాక్టర్లు దానికేదో పెద్ద పేరు చెప్పారు. నాకు కోపమే మిగిలింది.

మీలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. మా అక్క భర్త. ఆయనకు బొమ్మ విమానాల పిచ్చి. గుప్పిట్లో పట్టే ఇంజను బిగించి, ఆదివారాలు రెంటచింతల వైపు పత్తి పీకేసిన చేలల్లో ఎగరేసేవాడు. ఆ ఇంజను ఫ్యూయల్లో ఆముదం కలుపుతారు. ఇంటికొస్తే ఒళ్లంతా అదే వాసన.

“కంచం ముట్టుకోబాకండి, ముందు నీళ్లు పోసుకోండి” అనేది అక్క. ఆయన వింటే కదా.

ఇంజను మొరాయిస్తే నేను తిట్టేవాణ్ణి. ఆయన ప్లగ్గు విప్పి ఎర్రబడుతోందో లేదో చూసేవాడు, ఫ్యూయల్ వస్తోందా, గాలి అందుతోందా అని ఒక్కొక్కటీ తేల్చుకునేవాడు. “తిడితే ఏమొచ్చుద్దిరా. అడుగు, అదే చెప్పుద్ది” అనేవాడు. నాకున్న కాస్త ఓపికా ఆయన పెట్టిందే.

మంచాన పడ్డాక ఆయన అడిగింది ఒక్కటే, ఆ ఇంజను మోత ఒకసారి వినాలని. గదిలో ఆక్సిజన్ ఉంది కాబట్టి పెరట్లో బల్లకు బిగించి, ఆయన గది కిటికీ తెరిచాను. కార్బొరేటర్లో నాలుగు చుక్కలు ఫ్యూయల్ పోసి, ఇంజను ముందుండే ఫ్యాను తిప్పితే బుర్రుమని లేచి, వెంటనే ఆగిపోయేది. ప్లగ్గు మార్చాను, ఫ్యూయల్ మార్చాను. అదే వరస.

శుక్రవారం పొద్దున మళ్లీ మొదలుపెట్టాను. కిటికీలోంచి ఆయన గొంతు ఆగి ఆగి వచ్చింది.

“ఒరేయ్, నువ్వు పోసిందే తాగుతుంది. సొంతంగా లాక్కోవట్లా. సూది ఇప్పు.”

ఫ్యూయల్‌ను సరిచేసే సన్నటి సూది మర విప్పాను. కొసకు దూదిపోగు చుట్టుకుని ఉంది. సున్నపు దుమ్ము చొరబడకుండా ఇంజను కన్నాల్లో పత్తి కుక్కి దాచడం ఆయన అలవాటు.

“దూది, బావా.”

“నేను పెట్టిందే. తీసేసి తిప్పు.”

ఒక్క తిప్పుకే అందుకుంది. పెరడంతా మోత, ఆముదం పొగ. నాకు ఏడుపొచ్చింది. అక్క బావ గదిలోంచి గుమ్మంలోకి వచ్చి చెయ్యెత్తింది. ఏదో అంటోంది, వినపడలేదు. బావ ఇంకాస్త పెంచమన్నాడనుకుని పూర్తిగా పెంచాను.

అక్క చెయ్యి దించలేదు.